మీ అవతలా, మా అవతలా?

నా తప్పుని ఒక మనిషి తన తప్పనుకుని మోస్తున్నాడు. అది చూస్తూ నేను హాయిగా బతుకుతున్నాను. ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఉన్న బరువు ఇదే. బరువు అంటున్నాను గానీ, ఆ మాట వాడుకోవడానికి కూడా నాకు హక్కు లేదు. మోసింది అతను. నేను పక్కన చేతులు ఊపుకుంటూ నడిచాను. ఆ నడకలోనే డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు గది తలుపు మీద నా పేరు రాసిన బోర్డు కూడా ఉంది. పొద్దున్నే ఆ బోర్డు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసిన వాళ్ళకి చెబుదామని చాలాసార్లు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. ఎందుకంటే తెలిసిన వాళ్ళు ముందు ఓదారుస్తారు. పోనీలే, అప్పుడు చిన్నపిల్లవి, తెలియక చేశావు అంటారు. తెలియక చేసింది ఒక్కటే. మిగతాదంతా తెలిసే చేశాను. దయచేసి నన్ను ఓదార్చకండి. నా మీద నాకున్న కోపం చల్లారకముందే ఇది రాసెయ్యాలి, చల్లారితే మళ్ళీ సర్దుకుపోతాను. సర్దుకుపోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

నా పేరు చెప్పను. అతని పేరు మార్చి సత్తిబాబు అంటాను. మా గోదావరి వైపు వీధికొక సత్తిబాబు ఉంటాడు కాబట్టి ఏ సత్తిబాబో మీరు కనిపెట్టలేరు.

అప్పట్లో మేమిద్దరం ఒకే గైడ్ దగ్గర పరిశోధన చేసేవాళ్ళం. రాజమండ్రి దాటి కోరుకొండ వైపు వెళ్తే మెట్ట పొలాల మధ్య మా కాలేజీ రాడార్ ఉండేది. రాడార్ అనగానే విమానాశ్రయంలో గిరగిరా తిరిగే యంత్రాన్ని ఊహించుకోకండి. ఉన్న చోటు నుంచి కదలని యాంటెన్నాలు, పొలంలో గుంజలు పాతినట్టు వరసలు వరసలుగా ఉంటాయి. వాటి మధ్య ఒక ఏసీ గది. నేలలో చిన్న కాలవ తవ్వి అందులోంచి గదిలోకి లాగిన నల్లటి కేబుల్స్. అంతే.

అది చూసేది ఆకాశాన్ని. మేఘాలకీ వానలకీ చాలా పైన, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో, గాలి విద్యుత్తుతో నిండి పొరలా పరుచుకుని ఉంటుంది. దాన్ని అయనోస్ఫియర్ అంటారు. పొద్దు కుంకాక ఆ పొర అడుగున పలచబడిపోతుంది. పైన చిక్కగా, కింద పలచగా అయ్యేసరికి అది అలా నిలబడలేదు. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొస మీదుగా వెళ్తుంది, ఆ రేఖ దగ్గర పొర అడుగు నుంచి ఖాళీ బుడగలు లేస్తాయి, అన్నం ఉడికేటప్పుడు లేచినట్టే. బాగా పైకి లేచినవి అయస్కాంత రేఖల వెంట పాకుతూ మా దాకా వస్తాయి. అవి వచ్చిన సాయంత్రం ఉపగ్రహాల సిగ్నల్ మినుకుమినుకుమంటుంది. సముద్రం మీద పడవవాళ్ళు జీపీఎస్ చూసుకుని తిట్టుకుంటారు. మా రాడార్ ఆ బుడగల మీదికి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనుల్ని పట్టుకునేది.

బుడగలు పైకి లేచి ఊరుకోవు, పక్కకి కొట్టుకుపోతాయి. అయస్కాంత తుఫానుల్లాంటివి లేని సాయంత్రాల్లో అవి తూర్పుకే పోతాయి. ఎటు పోతున్నాయో తెలియాలంటే యాంటెన్నాల గుంపులు రెండు కావాలి, ఒకటి తూర్పున, ఒకటి పడమర. ఒకే ప్రతిధ్వని రెండు గుంపులకీ చేరడంలో ఉండే అతి చిన్న తేడాని పట్టుకుని, బుడగ ఎటు జరుగుతోందో ప్రోగ్రాం లెక్క కడుతుంది. మీరు గుర్తు పెట్టుకోవలసింది ఇదొక్కటే. ఆ రెండు గుంపుల కేబుల్స్ గదిలో తారుమారైతే తూర్పుకి పోయే బుడగ పడమరకి పోతున్నట్టు కనబడుతుంది. యంత్రం ఎక్కడా ఆగదు, ఎర్ర దీపం వెలగదు. అంతా సవ్యంగా ఉన్నట్టే తప్పు లెక్క వస్తూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. నాది కొవ్వూరు. సత్తిబాబుది రాజమండ్రి, గోదావరిలో చేపలు పట్టే కుటుంబం. మా ఊళ్ళకి మధ్య ఉన్నది ఏరు ఒక్కటే. మా ఇంట్లో అవతలి గట్టు అంటే రాజమండ్రి, తూర్పు. వాళ్ళింట్లో అవతలి గట్టు అంటే కొవ్వూరు, పడమర. రెండు ఊళ్ళవాళ్ళూ పుట్టినప్పటి నుంచీ ఒకే మాట అంటారు, ఒకళ్ళు ఇటు చెయ్యి చూపిస్తారు, ఒకళ్ళు అటు.

మేం చేరిన కొత్తలో ఈ మాట మీద ఒకరినొకరం బాగా ఏడిపించుకున్నాం. తర్వాత రాడార్ గుంపులకి కూడా ఆ పేర్లే అంటించాం. తూర్పు గుంపు నాకు అవతలి గట్టు, అతనికి ఇవతలి గట్టు. పడమటి గుంపు అతనికి అవతల, నాకు ఇవతల. ఎవరు ఆ మాట అన్నా రెండోవాళ్ళు ఠక్కున అడగాలి, "మీ అవతలా, మా అవతలా?" అని. అది మా ఆట. పొలంలో ఎండలో మాడుతూ కేబుల్స్ కొలిచే రోజుల్లో ఆ ఒక్క ప్రశ్నకి పగలబడి నవ్వేవాళ్ళం. మా గైడ్ గారికి ఇది తెలియదు. ఆయన ఈ జిల్లాలవారు కాదు, పైగా మా నవ్వులు ఆయనకి పడేవి కావు.

ఆయన గురించి చెప్పకపోతే నా కథ సగమే అవుతుంది. చెబితే నా తప్పు ఆయన మీదికి తోసినట్టవుతుంది. చెబుతాను, మీరే చూసుకోండి. నా చేతిలో స్క్రూడ్రైవర్ కనబడితే ఆయనకి నవ్వొచ్చేది. "అమ్మాయ్, నువ్వు గ్రాఫులు గీసుకోమ్మా, ఆ పనులు సత్తిబాబు చూస్తాడు" అనేవారు. సాల్డరింగ్ నాకు అతని కంటే బాగా వచ్చు. ఆ సంగతి సత్తిబాబే ఆయనకి చెప్పాడు, ఒకసారి కాదు. అయినా ఆ ఏసీ గదిలో యంత్రాలు బిగించిన రాక్ వెనక చెయ్యి పెట్టే అర్హత నాకు రాలేదు. పళ్ళు కొరుక్కుని గ్రాఫులు గీశాను. ఒక్క అవకాశం రానీ, చూపిస్తాను అనుకున్నాను.

వచ్చింది. వినాయకచవితి పందిళ్ళు విప్పుతున్న రోజులు. బుడగలు జోరుగా వచ్చే కాలం అది. వానలకి కేబుల్ కాలవలో నీళ్ళు నిండి, కనెక్టర్లలోకి చెమ్మ చేరింది. సరిగ్గా అప్పుడే సత్తిబాబు వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చింది, అతను కాకినాడ ఆసుపత్రిలో ఉండిపోయాడు. గైడ్ గారికి వేరే దారి లేక నన్ను పిలిచారు. కనెక్టర్లన్నీ ఊడదీశాను, తుడిచాను, ఆరబెట్టాను. తడికి కేబుల్స్ మీద అంటించిన కాగితం చీటీలు ముద్దయిపోయి ఊడి వచ్చేశాయి. తూర్పు గుంపు కేబుల్ ఒక గోడలోంచి, పడమటి గుంపుది ఎదురు గోడలోంచి గదిలోకి వస్తాయి కాబట్టి ఏది ఏదో నాకు తెలుసు. రాక్ వెనక ఉన్న రెండు ఛానెళ్ళలో ఏది దేనికి పెట్టాలో తెలియదు. సత్తిబాబుకి ఫోన్ చేశాను.

వార్డులో గోల. ఎవరో నర్సు అతన్ని పిలుస్తోంది. "అవతలి గట్టుది ఒకటో ఛానెల్‌కండి, ఇవతలిది రెండోదానికి. ఉంటానండి, డాక్టర్ గారు వచ్చారు" అన్నాడు.

మీ అవతలా, మా అవతలా? ఆ ప్రశ్న నా నాలుక చివర దాకా వచ్చింది. నేనిది కల్పించడం లేదు, నిజంగా వచ్చింది. కానీ వెనక గైడ్ గారు నిలబడి ఉన్నారు, వాచీ చూసుకుంటూ. "ఏంటమ్మా, తెలియకపోతే చెప్పు, అతనొచ్చాకే చూసుకుందాం" అన్నారు. తెలియకపోవడమా? నాకా? ఫోన్ పెట్టేశాను. అవతలి గట్టు అంటే తూర్పు, ఇంకేముంది, పుట్టినప్పటి నుంచీ అంతేగా. తూర్పు కేబుల్‌ని ఒకటో ఛానెల్‌కి బిగించాను. నేను నిలబడింది రాజమండ్రి వైపు నేల మీద, చెప్పినవాడు రాజమండ్రివాడు, నా చెవి మాత్రం కొవ్వూరుదే.

ఇక్కడి దాకా తెలియక చేసింది. ఇక్కడితో ఆగి ఉంటే నేను మీకు ఇది రాసేదాన్నే కాదు.

ఆ తర్వాత సాయంత్రాల్లో బుడగలు వరసగా వచ్చాయి, వచ్చినవన్నీ పడమరకి పోయాయి. గైడ్ గారు కుర్చీలో కూర్చోలేకపోయారు. తుఫాను లేని రోజుల్లో, పొద్దు కుంకిన వెంటనే పడమరకి కొట్టుకుపోయే బుడగలు! ఎవరూ చూడనిది మనం చూశాం అన్నారు. ఆసుపత్రిలో తండ్రి మంచం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని సత్తిబాబే ఆ డేటా అంతా లెక్క కట్టాడు, ఎందుకంటే బుడగల కదలిక అతని థీసిస్. అతను ఎగిరి గంతెయ్యలేదు. తొందరపడొద్దు సార్, నేనొచ్చి అన్నీ ఒకసారి సరిచూస్తాను అని మాత్రం అన్నాడు.

అతను రాకముందే నాకు తెలిసిపోయింది. ఒక సాయంత్రం ఇంటికి వెళ్ళడానికి రాజమండ్రి కాంప్లెక్స్‌లో బస్సెక్కాను. నా పక్క సీట్లో ఒకావిడ ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతోంది. "ఆ, బస్సెక్కేశానే. అవతలి గట్టుకే, మా ఆడపడుచు వాళ్ళింటికి. పొద్దున్నే వచ్చేస్తా" అంది. బస్సు వెళ్ళేది కొవ్వూరుకి. ఆవిడ అవతల నా ఇవతల. బస్సు బ్రిడ్జి ఎక్కింది, కింద నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఫోన్‌లో సత్తిబాబు అన్న అవతల ఏదో నాకు అప్పుడు తట్టింది.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళాను. పాత సీజన్ రికార్డింగులు తెరిచి చూశాను. ఒకటో ఛానెల్ పడమటి గుంపుదే. ఎప్పుడూ అదే. నేను తిప్పి పెట్టాను.

అప్పుడు నేనేం చెయ్యాలి? మీరు చెప్పండి. గైడ్ గారి గదికి వెళ్ళి, సార్, పొరపాటైంది, ఈ కొన్ని వారాల డేటాలో తూర్పు పడమరల గుర్తు తిప్పి చదవండి, అంతే, అని చెప్పాలి. రెండు నిమిషాల పని. డేటా పాడవలేదు కూడా, సరిచేసుకోవచ్చు. ఆయన నవ్వేవారు. నేను చెప్పలేదా అమ్మాయ్ అనేవారు. ఆ రాక్ వెనకకి నన్ను మళ్ళీ రానిచ్చేవారు కాదు, నా తర్వాత వచ్చే ఆడపిల్లల్ని కూడా. ఇది నిజం, ఇందులో అబద్ధం లేదు. ఈ నిజాన్ని నేను ఏళ్ళ తరబడి దుప్పటిలా కప్పుకుని పడుకున్నాను. ఆయన అలాంటివారు కాబట్టి నేను ఇలా చెయ్యాల్సి వచ్చింది అని. అలాంటివారు ఆయన. మరి నా అబద్ధం పడింది ఎవరి మీద? నాకు సాల్డరింగ్ వచ్చని ఆయనతో వాదించినవాడి మీద. ఈ వాక్యం రాస్తుంటే నాకు నన్ను కొట్టాలనిపిస్తోంది.

నేను చేసింది ఇదీ. కనెక్టర్లు విప్పి, కేబుల్స్ మళ్ళీ సరైన ఛానెళ్ళకి బిగించాను. కొత్త చీటీలు రాసి అంటించాను. చేతులు కడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు.

అర్థమైందా? తప్పు తప్పుగానే ఉంటే సత్తిబాబు వచ్చి చూసి పట్టుకునేవాడు. నేను సరిచేసి, అతను పట్టుకునే వీలు కూడా లేకుండా చేశాను.

అతను గడ్డం పెరిగి, సగం చిక్కి తిరిగొచ్చాడు. సంచీ దింపి నేరుగా గదిలోకి వెళ్ళి కేబుల్స్ ఒక్కొక్కటీ చేత్తో తడుముతూ గోడ దాకా చూసుకున్నాడు. అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. బయటికొచ్చి యాంటెన్నా నీడలో నా పక్కన నిలబడ్డాడు.

"నేను లేనప్పుడు కూడా కేబుల్స్ ఇలాగే ఉన్నాయా అండి? సరిగ్గానే పెట్టారా?"

"మీరు ఫోన్‌లో చెప్పినట్టే పెట్టానండి."

"అయితే ఇది నిజమే అయ్యుండాలండి," అన్నాడు. మొహం వెలిగింది. "మా నాన్నకి చెప్పాలి. మాట రావడం లేదు గానీ అన్నీ అర్థమవుతున్నాయండి ఆయనకి."

మీరు ఫోన్‌లో చెప్పినట్టే. ఈ మాటని నేను ఎంత తెలివిగా ఏరుకున్నానో చూశారా? ఎవరైనా నిలదీస్తే అబద్ధం కాదు. అతను అవతలి గట్టు అన్నాడు, నేను అవతలి గట్టే పెట్టాను. రేపెప్పుడైనా బయటపడితే, చెప్పడంలోనే తేడా వచ్చిందని అతని మీదికి నెట్టడానికి సందు కూడా ఉంచుకున్నాను. ఇదంతా ముందే ఆలోచించుకున్నానా? లేదు, ఆ క్షణంలోనే నోట్లోంచి వచ్చింది. అదే నాకు భయం. ఆలోచించకుండానే ఇంత చక్కగా వచ్చిందంటే నా లోపల ఏముందో అని.

ఆ తర్వాత వచ్చిన బుడగలు మళ్ళీ తూర్పుకే పోయినా, ఆ కొన్ని వారాలదే విడ్డూరం అని గైడ్ గారు ఒక పెద్ద సదస్సులో ఈ ఫలితం చదివి చప్పట్లు కొట్టించుకున్నారు. పేపర్ అచ్చయింది. మొదటి పేరు సత్తిబాబుది. కొన్నాళ్ళకి దక్షిణాన ఉన్న ఇంకో రాడార్ వాళ్ళు తమ గ్రాఫులు బయటపెట్టారు. అవే సాయంత్రాలు, అవే బుడగలు, అన్నీ తూర్పుకే వెళ్ళాయి. మా దగ్గర కూడా, నేను కేబుల్స్ మార్చిన రోజు నుంచి అన్నీ తూర్పుకే. అంటే సత్తిబాబు ఊళ్ళో లేకుండా లెక్క కట్టినవి మాత్రం పడమరకి, అందరి ఎదుటా లెక్క కట్టినవి తూర్పుకి. చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది? కేబుల్స్ సరిగ్గానే ఉన్నాయని సత్తిబాబే చేత్తో తడిమి చూశాడు కాబట్టి నా మీదికి ఎవరి అనుమానమూ రాలేదు.

గైడ్ గారు అందర్నీ కూర్చోబెట్టి అడిగారు. అడగలేదు, తిట్టారు. పేరు కోసం గుర్తు తిప్పావు, నా పరువు తీశావు, చేపలమ్ముకోక నీకెందుకయ్యా సైన్స్ అన్నారు. ఆ చివరి మాటకి గదిలో ఒక్కరు కూడా నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. నా ఒళ్ళో చేతులు పెట్టుకుని గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన మీద ఒళ్ళు మండిపోయింది నాకు, ఆ మాట అన్నందుకు. మండిపోయి ఏం చేశాను? ఏమీ చెయ్యలేదు. సత్తిబాబు మాత్రం, "కావాలని చెయ్యలేదు సార్. ఎక్కడో తప్పాను. వెతుకుతాను" అన్నాడు.

వెతికాడు. అదీ నేను మరిచిపోలేనిది. రోజూ మధ్యాహ్నం ల్యాబ్‌లో కిటికీ పక్కన కూర్చుని తన ప్రోగ్రాం ఒక్కో వరసా చదివేవాడు. లేని తప్పు కోసం. పెదాలు కదుపుతూ చదివేవాడు, పరీక్షకి చదివే పిల్లల్లా. నేను పక్క బల్ల దగ్గర నా పని చేసుకునేదాన్ని. అతనికి టీ తెచ్చి ఇచ్చేదాన్ని. టీ! ఒక్క మాటతో ముగిసిపోయే వెతుకులాట పక్కన కూర్చుని, మనిషికి టీ ఇచ్చాను. అతను థాంక్సండి అనేవాడు. ఏ జన్మలోనైనా నాకు సిగ్గంటూ ఉంటే ఆ గ్లాసు చేతిలోంచి జారి పడాలి. పడలేదు.

పేపర్ వెనక్కి తీసుకున్నారు. అతని థీసిస్ ముందుకు కదల్లేదు. ఒకరోజు బల్ల ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. వెళ్తూ తన మల్టీమీటర్ నాకు ఇచ్చేశాడు, మీ చేతిలో అయితే పనికొస్తుందండి అని. నా డాక్టరేట్ ఆ తర్వాతి సీజన్ డేటా మీద వచ్చింది. శుభ్రమైన డేటా, అన్నీ తూర్పుకే. ఈ అమ్మాయి పనితనం చూడండయ్యా అని గైడ్ గారు నలుగురిలో మెచ్చుకున్నారు. అప్పటి నుంచి రాక్ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. నేను కోరుకున్నది అదేగా.

ఎన్నిసార్లు చెప్పబోయానో మీకు చెప్పను, చెప్పబోవడానికి విలువేముంది? గైడ్ గారు రిటైరయ్యాక చెబుదామనుకున్నాను. రిటైరయ్యారు. నా ఉద్యోగం ఖాయమయ్యాక అనుకున్నాను. ఖాయమైంది. తర్వాత, ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం, అతను తన దారిన హాయిగా ఉన్నాడు కదా అనుకున్నాను. హాయిగా ఉన్నాడని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అలా అనుకోవడం నాకు హాయిగా ఉంది, అంతే.

సూర్యుడికి పదకొండేళ్ళకోసారి జోరు పెరుగుతుంది, దానితో బుడగలూ పెరుగుతాయి. ఆ జోరు మళ్ళీ వచ్చింది. మా రాడార్ మళ్ళీ కళకళలాడుతోంది. కిందటి నెల జంగారెడ్డిగూడెం నుంచి ఒక ఇంటర్ కాలేజీవాళ్ళు రాడార్ చూస్తామని వచ్చారు. బస్సులోంచి పిల్లల వెనక దిగిన ఫిజిక్స్ లెక్చరర్ సత్తిబాబు. జుట్టు నెరిసింది. నన్ను చూసి నిజంగా సంతోషపడ్డాడు. "ఏంటండీ, ఇప్పటికీ అవతలి గట్టు నుంచే వస్తున్నారా?" అన్నాడు. లోపలికి రండి అన్నాను. అతనే నవ్వి, "మీ అవతలా, మా అవతలా అని అడగాలి కదండీ, మర్చిపోయారా?" అన్నాడు.

అతనికి తెలిసిపోయిందేమో అని మొహంలో వెతికాను. ఏమీ లేదు. ఉత్త సంతోషం. అన్ని నెలలు ప్రోగ్రాం అంతా గాలించినవాడు, ఆ ఫోన్ మాటని మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు, ఎందుకంటే సరిగ్గానే పెట్టానని చెప్పింది నేను. నా మాట మీద అంత నమ్మకం. ఒక్క క్షణం అతని మీద కూడా కోపం వచ్చింది, ఎందుకయ్యా అంత నమ్మావు అని. చూడండి, తప్పు చేసినదానికి ఎవరెవరి మీద కోపం వస్తుందో.

పిల్లల్ని ఏసీ గదిలోకి తీసుకెళ్ళాం. రాక్ ముందు నిలబడి బుడగల గురించి అతనే చెప్పాడు. నా కంటే బాగా చెప్పాడు. చివర్లో కేబుల్స్ వైపు చెయ్యి చూపించి అన్నాడు. "నేను ఇక్కడే చదువుకున్నానర్రా. ఇక్కడే ఒక పెద్ద తప్పు చేశాను, తూర్పుని పడమర అన్నాను. ఎక్కడ తప్పానో ఇప్పటికీ దొరకలేదు. సెలవులొస్తే ఇప్పటికీ ఆ ప్రోగ్రాం తెరిచి చూస్తుంటాను. తప్పు చెయ్యడానికి సిగ్గుపడకండి, వెతకడం మాత్రం మానకండి."

పిల్లలు తలూపారు. నేను అక్కడే ఉన్నాను, అతనికి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో. నోరు తెరిస్తే చాలు. బస్సుకి టైమవుతోందండి, టీ తాగి వెళ్ళండి అన్నాను.

మళ్ళీ టీయే.

బస్సు రాజమండ్రి వైపు మలుపు తిరిగాక నా గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ గైడ్ గారి మీద రావలసినంత వచ్చింది, అదేమీ తగ్గదు. చేపలమ్ముకోక అన్న మాటకి అప్పుడే లేచి నిలబడనందుకు ఆ గదిలో కూర్చున్న అందరి మీదా వచ్చింది. చివరికి అన్నీ తిరిగి నా దగ్గరికే వచ్చాయి. నేను చేసిన తప్పుని పిల్లలకి పాఠంగా చెప్పుకుంటున్నాడు అతను, తన పేరు మీద. సెలవుల్లో పెళ్ళాంబిడ్డలతో కూర్చోకుండా లేని తప్పు కోసం వెతుకుతున్నాడు. నేను అతని నుంచి థీసిస్ ఒక్కటే తీసుకున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు, ఇంకా తీసుకుంటూనే ఉన్నాను, ప్రతి సెలవుకీ.

ఆ పేపర్ అచ్చువేసిన పత్రికకి నా పేరుతో అసలు సంగతి రాయాలి. కాలేజీకి రాయాలి. ఇంకా రాయలేదు. ఇక్కడ పేరు దాచుకుని రాస్తున్నాను, అదీ పిరికితనమే, అది కూడా ఒప్పుకుంటున్నాను. అయినా ఇది చదివేవాళ్ళలో ఒక్కరికి నా పేరు తెలిసిపోతుంది. అవతలి గట్టు అన్న చోటే తెలిసిపోతుంది. అందుకే ఆ మాట మార్చకుండా ఉంచాను. మిమ్మల్ని నమ్మి ఇంత దూరం చెప్పాను గానీ, చివరి నాలుగు మాటలు మీకు కావు, ఏమీ అనుకోకండి.

సత్తిబాబు గారూ, నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగే మొహం లేదు. ఆ రోజు యాంటెన్నా నీడలో మీరొక ప్రశ్న అడిగారు, కేబుల్స్ సరిగ్గానే పెట్టారా అని. దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. లేదండి. మీ అవతల కాదు, మా అవతల పెట్టాను. తెలిశాక మీరు రాకముందే మార్చేశాను. మీ ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు. ఇక వెతకకండి.